మూడో నెల నిండేదాకా

లింబాయత్, సూరత్
జూన్ 16

అత్తమ్మకు,

మీ కోడలు హిమశ్రీ నమస్కారాలు. ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటని కంగారు పడకండి. ఇక్కడ అందరం బాగున్నాం. ఇవాళ ఆదివారం, మీ కొడుకు కడోదరా మగ్గాల షెడ్డుకి వెళ్ళలేదు. నేను కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే "ఏంది, మళ్ళ పరీక్షలున్నయా?" అని ఎగతాళి చేసి వెళ్ళి క్రికెట్ పెట్టుకున్నాడు.

ఉత్తరం ఎందుకంటే, మీ ఫోన్ ఎప్పుడూ స్పీకరు మీదే ఉంటుంది. పోయిన వారం నాకు జలుబు చేసిందని మీతో అన్నానా, మీ వాకిట్లో బీడీలు చుట్టేవాళ్ళలో ఎవరో సాయంత్రానికల్లా మా అమ్మకు ఫోన్ చేసి, పిల్లకు మిరియాల కషాయం కాచి ఇవ్వమన్నారట. మా అమ్మ ఉండేది మా సందు చివర. సూరత్‌లో నా జలుబు సంగతి ఆమెకు మెట్‌పల్లి నుంచి తెలిసింది. ఇప్పుడు చెప్పబోయేది జలుబు లాంటిది కాదు.

మేం మళ్ళీ బిడ్డ కోసం చూస్తున్నామని మీకు తెలుసు. పోయినేడు రెండో నెలలో పోయింది, ఆ తర్వాత ఏడాది దాటినా ఏమీ నిలవలేదు. అందుకని ఉషాదేవి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. తెలుగావిడే, ఈ మధ్యే ఇక్కడికి వచ్చింది. ఇద్దరి రక్త పరీక్షలూ బాగానే ఉన్నాయంది. ఇక మిగిలింది గర్భసంచికి రెండు వైపులా ఉండే ట్యూబులు తెరుచుకుని ఉన్నాయో లేదో చూడడం. లోపలికి సన్నని గొట్టంతో మందు పంపి, అది ట్యూబుల్లోంచి పారుతోందా అని ఎక్స్‌రేలో చూస్తారు.

ఎక్స్‌రే అన్న మాట దగ్గర మీరు కళ్ళజోడు తీసి పక్కన పెట్టి ఉంటారు. పెట్టుకోండి అత్తమ్మా, ఇంకా ఉంది.

నేను ఎక్స్‌రే టెక్నీషియన్‌గా చేరిన రోజు నుంచీ మీకు ఆ పని నచ్చలేదు. ఆ మాట మీరు నోటితో అనకపోయినా, నా ఉద్యోగం గురించి ఎవరు అడిగినా "ఆస్పత్రిల పని" అని మాట తప్పిస్తారు. ఇప్పుడు ఆ మిషను కింద నేనే పడుకోవాలి. రింగ్ రోడ్ దగ్గర మా సెంటర్లోనే చేస్తారు. రోజూ పదిమందికి నేను చెప్పే ధైర్యం నాకు నేను చెప్పుకుంటుంటే సరిగా అతకడం లేదు. చేయించుకోవాలనే ఉంది. కానీ మీకు తెలియకుండా చేయించుకోవడం ఇష్టం లేదు.

జవాబు ఉత్తరంలోనే రాయండి.

మీ కోడలు
హిమశ్రీ

*

మెట్‌పల్లి
జూన్ 27

హిమా, బిడ్డా,

నీ ఉత్తరం చేరింది. సూరత్‌లో పుట్టి పెరిగిన పిల్లవు, మున్సిపాలిటీ తెలుగు బడిలో చదివి ఇంత చక్కగా రాస్తావని నాకు తెలియదు. రఘు రాస్తే కోడి కెలికినట్టు ఉంటుంది. మెచ్చుకోలు ఇక్కడితో సరి.

వద్దు.

ఏ మిషను పక్కన రోజంతా నిలబడినందుకు ఆ పసిగుడ్డు పోయిందని నేను ఏడాదిగా లోపల లోపల కుములుతున్నానో, వెళ్ళి దాని కిందే పడుకుంటానంటావా? అదీ కాలికో చేతికో కాదు, సరిగ్గా బిడ్డ ఉండాల్సిన చోట. డాక్టరమ్మ చదువుకున్నది, కాదనను. నేనూ అంగన్‌వాడీ టీచరుగా రిటైరైన దాన్నే. పాలు, గుడ్లు, టీకాలు అన్నీ నా చేతుల మీదుగా వెళ్ళాయి, గర్భిణికి ఎక్స్‌రే దూరమని శిక్షణలో మాకూ చెప్పారు. చెప్పినవాళ్ళు ఊరికే చెప్పరు కదా.

నా మాట విను. ఉద్యోగం మానేయ్. మీ ఇద్దరి తిండికి రఘు జీతం చాలు. ఒక ఆరు నెలలు ఇక్కడికి వచ్చి ఉండు. వానలు పడ్డాయి, ఇంకొన్నాళ్ళకు మక్క కంకులు వస్తాయి, గారెలు చేసి పెడతాను. ఒళ్ళు కాస్త కుదుటపడితే దానంతట అదే నిలుస్తుంది.

మానను, పరీక్ష చేయించుకుంటాను అంటావా, నీ మొండితనం నాకు తెలుసు, అప్పుడు డాక్టరమ్మను రెండు మాటలు గట్టిగా అడుగు. ఆ ఎక్స్‌రే తర్వాత కడుపులో పడే బిడ్డకు ఏ లోటూ రాదా? ఆ రోజుకే కడుపులో ఏదైనా పడి ఉంటే దాని గతేమిటి? ఆవిడ నీళ్ళు నమిలిందంటే లేచి వచ్చెయ్.

ఇంకో సంగతి. దేవుడి దయ వల్ల ఈసారి నిలిస్తే ముందు నాకు చెప్పు. నాకు ఒక్కదానికే. మీ సెంటర్లో వద్దు, సందులో వద్దు, మీ అమ్మకు నేను చెప్పినప్పుడు తెలిస్తే చాలు. మూడో నెల నిండేదాకా నోరు విప్పొద్దు. మన ఇళ్ళలో ఎవరూ విప్పరు. నా తోడికోడలు కొమురవ్వ తన నలుగురు పిల్లల సంగతీ పొట్ట కనబడ్డాకే చెప్పింది. ఈ మాట నాకు ఇవ్వాలి. రాతలో ఇవ్వు.

ప్రేమతోనూ కొంచెం కోపంతోనూ,
సుభాషిణి

*

లింబాయత్, సూరత్
జులై 25

అత్తమ్మకు,

ముందు మంచి మాట. పరీక్ష అయింది. రెండు ట్యూబులూ తెరుచుకునే ఉన్నాయి!

మీ రెండు ప్రశ్నలూ మీరు రాసినట్టే ఉషాదేవి డాక్టరమ్మకు చదివి వినిపించాను. ఆవిడ నవ్వి, "మీ అత్తగారు మా కాలేజీలో పరీక్షలు పెట్టాల్సిన మనిషి" అంది. నీళ్ళు మాత్రం నమల్లేదు. ఇందులో వాడే ఎక్స్‌రే చాలా కొంచెం, కాసేపే. ముందు నెలలో ఎక్స్‌రే తీయించుకున్నంత మాత్రాన తర్వాత పడే బిడ్డకు లోటు వస్తుందని ఎక్కడా తేలలేదంది. ఇక మీ రెండో ప్రశ్నే అసలైనదట. అందుకే ఈ పరీక్షను ఎప్పుడు పడితే అప్పుడు చేయరు. ముట్టు ఆగాక, గుడ్డు విడుదల కాకముందు చేస్తారు. అప్పటిదాకా ఆలుమగలు దూరంగా ఉండాలి. మీ కొడుకు ఆ మాట వినగానే గోడ మీద క్యాలెండరు ఎంత శ్రద్ధగా చూశాడో మీకు రాయలేను.

నొప్పి? ఉంది. ముట్టు నొప్పికి అక్క లాంటి నొప్పి. బల్ల మీద పడుకుని పైనున్న మిషను చూస్తుంటే, ఇన్నాళ్ళూ దాన్ని అటువైపు నుంచే చూశానని తోచింది. నా తోటి టెక్నీషియన్ హేతల్‌బెన్ తెర నా వైపు తిప్పింది. మందు తెల్లని దారంలా అటూ ఇటూ పారుతోంది. నాకు ఏడుపు వచ్చింది అత్తమ్మా. ఆమె నొప్పి అనుకుని నా చేయి పట్టుకుంది.

ఉద్యోగం సంగతి. నేను మిషను పక్కన నిలబడను. సీసం పెట్టిన గోడ వెనక నిలబడి అద్దంలోంచి చూస్తాను. ఎప్పుడైనా లోపల ఉండాల్సి వస్తే సీసం ఏప్రాన్ కట్టుకుంటాను. ఛాతీ మీద ఒక బ్యాడ్జి ఉంటుంది, నా ఒంటికి ఎంత తగిలిందో దాన్ని పంపించి లెక్క కట్టిస్తారు. ఇంతవరకూ వచ్చినవన్నీ దాదాపు సున్నాలే. మొదటి నెలల్లో పోయేవి చాలావరకు పిండం మొదట్లోనే సరిగా కట్టకపోవడం వల్ల పోతాయట. అందులో తల్లి చేసిందీ లేదు, మిషను చేసిందీ లేదు. కాబట్టి పని మానను. గారెలకు మాత్రం వస్తాను.

మీరు అడిగిన మాట ఇస్తున్నాను. నిలిస్తే ముందు మీకే చెబుతాను, మూడో నెల నిండేదాకా ఇంకెవరికీ చెప్పను.

ఇది రాస్తూనే ఒక విషయం గుర్తొస్తోంది. మొన్న మన తెలుగువాళ్ళ అమ్మాయి నడుము ఎక్స్‌రేకి వచ్చింది. పక్కన అత్త, వెనకాల వరుసలో సందు సందంతా. "నెల తప్పిందా?" అని అడిగాను, ఆడవాళ్ళందరినీ అడగాల్సిందే. అమ్మాయి లేదని తల ఊపింది. లోపలికి తీసుకెళ్ళి బల్ల మీద పడుకోబెడుతుంటే చేయి పొట్ట మీదే పెట్టుకుంది. తీయమంటే తీయదు. తలుపు వేసి మళ్ళీ అడిగాను. "ఉన్నదక్కా. మా అత్త ఎవ్వరికీ చెప్పొద్దన్నది" అంది గుసగుసగా. ఎక్స్‌రే ఆపేసి డాక్టర్‌కి చెబితే, నడుము నొప్పికి వేరే దారి చూద్దామని పంపేశారు. ఒకవేళ తీసి ఉన్నా అంతటితో బిడ్డ పోయేది కాదు, తీసేయించుకోవాల్సిన పనీ ఉండేది కాదు. కానీ తెలిసి తీయడం వేరు, తెలియక తీయడం వేరు.

అలాంటి వాళ్ళ చేత నిజం ఎలా చెప్పించాలో నాకు తెలియడం లేదు. మీరు ఎలా చెప్పించేవారు?

మీ
హిమశ్రీ

*

మెట్‌పల్లి
ఆగస్టు 11

హిమా,

ట్యూబుల కబురు చదివి దేవుడికి కొబ్బరికాయ కొట్టాను. ఎందుకు కొట్టావని వాకిట్లో వాళ్ళు అడిగితే మోకాలి నొప్పి తగ్గిందన్నాను. ఇప్పుడు ఆ నొప్పికి ఏం మందు వాడానని ఊరంతా నన్ను అడుగుతున్నారు. నీ కోసం ఎన్ని అబద్ధాలు ఆడించాలో అన్నీ ఆడించు.

ఉద్యోగం గురించి నీతో వాదించను. నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. పూర్తిగా నమ్మానని అనను, భయం మాత్రం సగం తగ్గింది. మిగతా సగం నా దగ్గర ఉండనీ, నీకేం బరువు?

ఇక నువ్వు అడిగింది. నా సర్వీసంతా ఇదే గోల. గర్భిణుల పేర్లు మొదట్లోనే రాసుకోవాలి, మాత్రలు ఇవ్వాలి. ఇంటింటికీ వెళ్ళి "ఎవరికైనా నెల తప్పిందా?" అంటే అందరూ లేదనేవారు. నాలుగో నెలలో పొట్ట వేసుకుని వాళ్ళే ఎదురొచ్చేవారు. రెండిళ్ళ అవతల నీరజ ఉంది చూడు, దానికి మొదటి కాన్పులో రక్తం లేక పాలిపోయి కళ్ళు తిరిగి పడిపోతే అప్పుడు తెలిసింది ఐదో నెల అని. "టీచరమ్మా, మా అత్త ఒట్టు పెట్టించుకున్నది" అని ఏడ్చింది.

అప్పటి నుంచి నేను ఒక ఉపాయం పట్టాను. అత్తల ముందు అడిగేదాన్నే కాదు. "పెద్దమ్మా, గీ తూకం మిషను జర అరుగు మీద సమంగ పెట్టు" అని అత్తకు ఏదో పని చెప్పేదాన్ని. పెద్దమనిషికి పని చెబితే గౌరవం అనుకుని వెళుతుంది. ఆలోగా కోడలి పక్కన కూర్చుని, నెల తప్పిందా అని కాదు, "పోయిన నెల తలకు ఎప్పుడు పోసుకున్నవ్ బిడ్డా?" అని అడిగేదాన్ని. ముట్టయ్యాక పోసుకునే తల స్నానం సంగతి చెప్పడానికి ఎవరికీ ఒట్టు అడ్డం రాదు. మిగతాది నేను లెక్క వేసుకునేదాన్ని.

నువ్వూ అంతే చెయ్. వరుసలో అడగకు. లోపల అడుగు, ఒక్కదాన్నే అడుగు, అత్తకు ఏదో ఒక పని చెప్పు. నేనూ అత్తనే కదా అని నవ్వుతున్నావేమో, నవ్వు.

మాట ఇచ్చావు, అది గుర్తుంచుకో. సర్వపిండి పొడి కలిపి పంపిస్తున్నాను. మన ఊరి పరమేశ్ సూరత్ బస్సు ఎక్కుతున్నాడు, ఆదివారం తెచ్చి ఇస్తాడు. నువ్వులు కొంచెం ఎక్కువే వేశాను.

నీ
అత్తమ్మ

*

లింబాయత్, సూరత్
అక్టోబర్ 20

అత్తమ్మకు,

చాలా రోజులైంది రాసి. పని ఎక్కువగా ఉంది.

బతుకమ్మ బాగా జరిగింది. ఈసారి తంగేడు దొరకలేదు, బంతిపూలతోనే పేర్చాం. గుజరాతీ వాళ్ళు గర్బా ముగించుకుని వచ్చి మాతో పాటు చప్పట్లు కొట్టారు. మొన్న ఇక్కడి చందీ పడ్వో పండుగ, ఊరంతా నెయ్యి ఓడే ఘారీ మిఠాయిలు తింది. మీ కొడుకు ఒక్కడే నాలుగు తిన్నాడు. నేను తినలేదు, నెయ్యి వాసన పడలేదు.

మీ ఉపాయం బాగా పనిచేస్తోంది. ఇప్పుడు మా సెంటర్లో అందరం లోపలే అడుగుతున్నాం. అత్తలకు చెప్పులు వరుసగా పెట్టే పని ఇస్తున్నాం.

నేను బాగున్నాను. మీ మోకాలు ఎలా ఉంది? చలి మొదలైతే జాగ్రత్త.

హిమశ్రీ

*

మెట్‌పల్లి
అక్టోబర్ 31

హిమా,

ఇది ఉత్తరమా, టెలిగ్రాం వచ్చినట్టుంది. పరీక్షలో తెర మీద పారిన తెల్లని దారం సంగతి కూడా రాసిన పిల్లవు, మూడు నెలల తర్వాత నాకు బంతిపూల సంగతి రాస్తావా?

నెయ్యి వాసన పడలేదట! రఘు కంటే ఎక్కువ నెయ్యి తినేది నువ్వు. పెళ్ళిలో లడ్డూలు దాచుకుని మరీ తిన్న దానివి.

నేను ఏమీ అడగను. ఇన్ని వందల మంది చేత చెప్పించినదాన్ని, ఎప్పుడు అడగాలో ఎప్పుడు ఊరుకోవాలో నాకు తెలుసు. ఊరుకున్నాను. కానీ ఇక్కడ దీపావళికి పిండి వంటలు చేయబుద్ధి కాలేదు. వాకిట్లో కూర్చుంటే మనసు అక్కడే ఉంటోంది. అంతే.

సుభాషిణి

*

లింబాయత్, సూరత్
నవంబర్ 8

అత్తమ్మా,

దీపావళి సెలవులకు మగ్గాలన్నీ ఆగాయి. పుట్టినప్పటి నుంచి చెవిలో ఉన్న చప్పుడు లేకపోతే సూరత్‌లో నిద్ర కూడా పట్టదు. రాయకుండా ఉండడానికి ఇక సాకు కూడా దొరకలేదు.

నిలిచింది. ఇది రెండో నెల చివర. సోనోగ్రఫీలో గుండె కొట్టుకోవడం చూశాం. దానికి ఎక్స్‌రే లేదు, శబ్దంతో చూసేదే, కంగారు పడకండి. మీ కొడుకు తెర వైపు వేలు పెట్టి "గదేనా? గింతేనా?" అని మూడుసార్లు అడిగాడు.

ఇప్పుడు మీకు కోపం వచ్చే మాట. మీకు ముందు చెప్పలేదు. మీకే కాదు, ఆయనకు కూడా ముందు చెప్పలేదు. ముందు తెలిసింది మా ఇన్‌ఛార్జి డాక్టర్‌కి.

ఆ పొద్దున ఇంట్లో కిట్‌తో చూసుకున్నాను. రెండు గీతలు. ఆయన అప్పటికే కడోదరా బస్సుకి వెళ్ళిపోయాడు. మీకు ఫోన్ చేద్దామనుకుంటే స్పీకరు గుర్తొచ్చింది, సాయంత్రం ఉత్తరం రాద్దాంలే అని డ్యూటీకి వెళ్ళాను. బోర్డు మీద ఆ రోజు నా పేరు ట్యూబుల పరీక్ష గది పక్కన రాసి ఉంది. అంటే గోడ వెనక కాదు, లోపల నిలబడే పని. సీసం ఏప్రాన్ కట్టుకున్నాను కూడా. ఒక్కదానికే కదా, ఏప్రాన్ ఉంది కదా, ఏమీ కాదు అనుకున్నాను. చదివిన దాన్ని బట్టి బహుశా ఏమీ అయ్యేది కాదు. ఇచ్చిన మాట ఉంది, నోరు మూసుకుని వెళదాం అనుకున్నాను. ముడి వేసుకుంటుంటే చూసుకున్నాను, నా చేయి పొట్ట మీద ఉంది.

ఆ నడుము నొప్పి అమ్మాయి మీద జాలి పడిన మనిషిని కదా నేను. ఎందుకు చెప్పలేదే నువ్వు అని మనసులో విసుక్కున్నాను కూడా.

ఏప్రాన్ విప్పి వెళ్ళి చెప్పేశాను. మా పనిలో నియమమే అది, తెలిసిన వెంటనే చెప్పాలి, వాళ్ళు పని మార్చాలి. అదే గంటలో నన్ను సోనోగ్రఫీ వైపు మార్చారు, నడుము దగ్గర పెట్టుకోమని ఇంకో బ్యాడ్జి ఇచ్చారు. అప్పటిదాకా తగిలింది ఏమీ లేదని, లెక్క చూపించి మరీ చెప్పారు. కానీ బోర్డు మీద పేరు మారితే ఎవరికి అర్థం కాదు? మధ్యాహ్నానికి హేతల్‌బెన్ కోవా బిళ్ళలు తెచ్చి పంచింది. చాయ్ ఇచ్చే అతను కూడా "ముబారక్ బెన్" అన్నాడు. సాయంత్రం మీ కొడుకుకి చెబితే ఆయన మొదటి మాట, "అమ్మకు ముందు చెప్పినవా? లేదా? అయితే నాకు తెల్వనట్టే ఉంట, నువ్వు ముందు ఆమెకు చెప్పు." ఇప్పటికీ ఆయన తెలియనట్టే నటిస్తున్నాడు. ఫోన్‌లో మీతో మాట్లాడేటప్పుడు ఎంత కష్టపడుతున్నాడో!

నెల రోజులు ఈ సంగతి మీకు ఎందుకు రాయలేదు? మాట తప్పినందుకు భయం ఒకటి. ఇంకొకటి ఉంది, ఇవాళ అదీ రాస్తాను. పోయినేడు నేను తెలిసిన రోజే అందరికీ చెప్పుకున్నాను. అది పోయినప్పుడు మా అమ్మ వచ్చింది, సందు వాళ్ళు వచ్చారు, హేతల్‌బెన్ వారం రోజులు ఖిచిడీ తెచ్చింది. మీరు రాలేదు. ఫోన్‌లో "మూడు నిండకుండ ఊరంత చాటితే ఇంకేమైతది" అన్నారు. అప్పుడు కూడా స్పీకరు మీదే ఉంది. మీరు చెడ్డగా అనలేదని తెలుసు, బాధలో అన్నారు. అయినా అది నాలో నుంచి పోలేదు అత్తమ్మా. ఈసారి కూడా ఏదైనా అయితే మళ్ళీ అదే మాట వినాల్సి వస్తుందని మీకు రాయడానికి చేయి రాలేదు.

చెప్పినందుకు బిడ్డ పోదు. నేను దాన్ని నమ్ముతున్నాను. మీరు కూడా నమ్మితే నాకు ఇంకేమీ అక్కర్లేదు.

మీ
హిమ

*

మెట్‌పల్లి
నవంబర్ 19

నా హిమకు,

ఉత్తరం అందిన రోజు కోపం వచ్చింది. చాయ్ అతనికి తెలిసింది, నాకు తెలియలేదు! రఘు నటన సంగతి చదివి ఆ కోపంలో కూడా నవ్వు వచ్చింది. ఆ పిల్లవాడు చిన్నప్పుడు బెల్లం దొంగతనం కూడా మూతి తుడుచుకోకుండా చేసేవాడు. పోయిన వారం ఫోన్‌లో "అమ్మా, ఇక్కడ కొత్త సంగతులేం లెవ్వు, అసలే లెవ్వు" అని వాడు అన్నప్పుడే నాకు అర్థమైంది.

రెండో రోజు మళ్ళీ చదివాను. ఆ పొద్దున నువ్వు నాకు ఫోన్ చేసి ఉంటే నేను ఏమనేదాన్నో నాకు బాగా తెలుసు. ఎవ్వరికీ చెప్పకు అనేదాన్ని. నువ్వు మాట వినే పిల్లవు, ఆ ఏప్రాన్ ముడి వేసుకుని లోపలికి వెళ్ళేదానివి. ఊరి కోడళ్ళ దగ్గర అత్తలను అవతలికి పంపించి నిజం చెప్పించిన మనిషిని, నా కోడలి విషయంలో నన్ను ఎవరు అవతలికి పంపిస్తారు? నువ్వే పంపించావు. మంచి పని చేశావు.

ఫోన్‌లో నేను అన్న మాట గురించి రాశావు. రెండు రోజులు దానికి జవాబులు రాసి చించేశాను. ఇంతలో నిన్న, మన వాకిట్లో బీడీలు చుట్టే బాలవ్వ మనవరాలి తొట్టెల పండుగ. వెళ్ళాను. ఊరి ఆడవాళ్ళంతా అక్కడే ఉన్నారు. పిల్లను తొట్టెలో వేసి పాట పాడుతున్నారు. బాలవ్వ సంగతి నీకు తెలుసు కదా, పాట మధ్యలో ఆపి మరీ అడిగింది.

"ఏం టీచరమ్మా, నీ కోడలు సంగతేంది? గా మిషను పని ఇడిసిపెట్టిందా లేదా?"

పాడేవాళ్ళు కూడా ఆగిపోయారు. ఎప్పటిలా "ఆస్పత్రిల పని" అని మాట దాటేద్దామని నోటి దాకా వచ్చింది.

"ఇడిసిపెట్టలే. ఎందుకిడుస్తది? రెండు నెలలు నిండినయ్, మూడోది నడుస్తున్నది" అన్నాను.

బాలవ్వ నా చేయి పట్టుకుని లాగి, "నీకేమన్న పిచ్చా? మూడు నిండకముందే గిట్ల నలుగుట్ల చెప్తరా?" అంది.

"నిండుతది. ఒకవేళ నిండకపోతే, పోయినసారి నా కోడలు నేను లేకుండ ఏడ్చింది. ఈసారి నేను పోవాలె, మీరు గూడ నాతోని ఏడ్వాలె. అందుకే ముందుగాల్నే చెప్తున్న" అన్నాను.

బాలవ్వ తన మనవరాలి తొట్టె తాడు తీసి నా చేతిలో పెట్టింది. ఊపి ఇంటికి వచ్చాను. ఎప్పటి నుంచో మోస్తున్న భయం కదా, ఒక్క మాటతో పోదు. కానీ సంతోషం దానికంటే ఎక్కువగా ఉంది, నిజంగా చెబుతున్నాను.

పరమేశ్ వచ్చే శుక్రవారం బస్సుకి రెండు టికెట్లు తీశాడు, ఒకటి వాడికి, ఒకటి నాకు. మూడు నిండినా, నిండకపోయినా నేను అక్కడే ఉంటాను.

నీ
అత్తమ్మ